మధ్యాహ్నపు దగ్గు

మా రెండు దుకాణాల మధ్య ఉన్నది గోడ అని అద్దెకిచ్చేటప్పుడు యజమాని చెప్పాడు. అది గోడ కాదు, ప్లైవుడ్ చెక్కకు రంగు పూసిన మోసం. ఇటువైపు నేను బ్లౌజులు కుడతాను, అటువైపు రాజ్యశ్రీ జుట్టు కత్తిరిస్తుంది. ఇన్నేళ్లుగా ఆ చెక్క పుణ్యమా అని, బచేలీలో ఏ మేడమ్‌కి తెల్లవెంట్రుకలు ఎప్పుడు మొదలయ్యాయో, ఏ అత్త ఏ కోడలితో మాట్లాడటం మానేసిందో నాకు అన్నీ తెలుసు. ఎవరికీ చెప్పను. కుట్టుపని చేసేవాళ్ల నోట్లో ఎప్పుడూ గుండుసూదులుంటాయి, మా గుట్టు నిలబడేది వాటివల్లే.

ఈ ఒక్కటి మాత్రం చెప్పాలి. చచ్చిపోయిన పిల్ల దగ్గడం ఆ చెక్క వెనకనుంచి విన్నవాళ్లలో నేనూ ఒకదాన్ని.

రాజ్యశ్రీ బచేలీలోనే పుట్టింది. తండ్రి బొబ్బిలి దగ్గరి పల్లె నుంచి ఇక్కడి ఇనుప గనుల్లో పనికి వచ్చినవాడు, కూతురు బడిలో ఉండగానే పోయాడు. తల్లి వరహాలమ్మ అప్పడాలూ ఊరగాయలూ అమ్మి ఇల్లు నడిపింది. రాజ్యశ్రీకి పెళ్లి ఒకసారి అయింది, ఒకసారి చెడింది. ఆ తర్వాత ఆమె రైలెక్కి విశాఖపట్నం వెళ్లి, జుట్టుపని నేర్చుకుని, పెట్టె నిండా కత్తెరలూ దువ్వెనలూ వేసుకుని తిరిగొచ్చింది. మనిషి సన్నం, మొండితనం లావు. ఒకసారి తల ఊపిందంటే ఇక ఆ మాట మీదే ఉంటుంది. నాకు ఆమె మీద ప్రేమ కలిగేదీ, ఒళ్లు మండేదీ ఆ మొండితనం చూసే.

బచేలీ తెలియనివాళ్లకు ఇక్కడి దుమ్ము సంగతి చెప్పాలి. కొండ ఎరుపు, రోడ్డు ఎరుపు, రోడ్డు మీద తెరిపి లేకుండా తిరిగే లారీలు ఎరుపు. పొద్దున ఆరేసిన తెల్లచీర సాయంత్రానికి కుంకుమ నీళ్లలో ముంచినట్టు అవుతుంది. ఎవరికి దగ్గొచ్చినా, ఎవరి కళ్లు మండినా, ఆఖరికి ఎవరింట్లో పప్పు ఉడక్కపోయినా మేం దుమ్మునే తిడతాం. అది తిరిగి ఒక్క మాట అనదు కాబట్టి మాకు బాగా వీలు. అందుకే ఈ ఊళ్లో కిటికీ ఉన్నది మూయడానికే. చేతిలో కాస్త డబ్బు ఆడగానే జనం మొదట చేసే పని కిటికీ సందులకు టేపు అంటించడం.

రాజ్యశ్రీ ఇంకో అడుగు ముందుకేసింది. ఏసీ పెట్టించిన ఏడాది, రోడ్డువైపున్న ఒకే ఒక్క కిటికీకి చెక్క కొట్టించి, అంచులకు సిలికాన్ పూయించి, దానిమీద పెద్ద అద్దం బిగించింది. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించింది. పైన చిన్న వెంటిలేటరు ఒక్కటి మిగిలింది. అప్పటినుంచి ఆమె పార్లర్‌లో తువ్వాళ్లు తెల్లగా ఉండేవి. ఈ ఊళ్లో తెల్ల తువ్వాలంటే మాటలు కాదు, గనుల టౌన్‌షిప్ మేడమ్‌లు దాన్ని చూసే వచ్చేవారు. ఆమె కూడా తువ్వాలు వాళ్ల కళ్లముందు దులిపి చూపించి, ఆ తర్వాతే మెడకు చుట్టేది. ఆ గర్వం ఆమె సంపాదించుకున్నదే, దాన్ని తప్పు పట్టడానికి నాకు ఇప్పటికీ మనసొప్పదు.

నందే ఆ గదిలోకి వచ్చింది కుంట ఊరి వైపు అడవిలోని ఒక దోర్ల గిరిజన పల్లె నుంచి. మొదట ఇక్కడి మెస్‌లో గిన్నెలు తోమేది. ఒకరోజు బస్టాండులో ఇంకో పిల్లకు జడ అల్లుతుంటే రాజ్యశ్రీ చూసి, అక్కడికక్కడే పనికి పిలిచింది. పెళ్లీడు పిల్ల. మాతో భద్రాచలం వైపు తెలుగు, మేడమ్‌లతో హిందీ, సంతలో హల్బీ, తల్లితో ఫోన్‌లో దోర్లీ మాట్లాడేది. ఏ భాషలోనైనా ముందు నవ్వి తర్వాత మాట్లాడేది. ఆమె వచ్చాక నా కుట్టుమిషను ఇటు చప్పుడు చేస్తుంటే, అటునుంచి ఆమె ఏదో పాట ఎత్తుకునేది. నాకు ఆ పాటలో మాట ఒక్కటీ తెలియదు, కానీ మిషను దానికి తగ్గట్టే నడిపేదాన్ని.

కొన్నాళ్లకు నందే చేతులు పగిలాయి. పొద్దస్తమానం షాంపూ నీళ్లలో, రంగులో నానితే ఎవరి చేతులైనా పగులుతాయి. వేళ్ల సందుల్లో చర్మం చీలి నెత్తురు కారేది. రాజ్యశ్రీ రబ్బరు తొడుగులు తెచ్చిచ్చింది. అవి వేసుకుని నందే తలకు చెయ్యి పెట్టగానే ఒక మేడమ్ కుర్చీలో చటుక్కున లేచి కూర్చుంది. "ఏం, నా తలకేమైనా పుండ్లున్నాయా, తొడుగులేసుకుని ముట్టుకుంటున్నావు? మేమేం అంటరానివాళ్లమా?" అంది. ఆ మాట అన్నావిడ ఇంట్లో పనిమనిషికి గ్లాసు వేరు. అయినా ఆవిడకు కోపమొచ్చింది, కోపం వచ్చిన మేడమ్ ఇంకో నలుగురికి చెప్పింది, తొడుగులు సొరుగులోకి వెళ్లిపోయాయి. నందే చేతులకు రాత్రిపూట కొబ్బరినూనె రాసుకుని పడుకునేది.

అసలు సంగతి అది కాదు, ఆ క్రీము. ఇప్పుడు ప్రతి పెళ్లికూతురికీ ఫోన్‌లో చూసిన జుట్టు కావాలి, నీళ్లు జారినట్టు నిటారుగా పడాలి. దానికి తెల్ల డబ్బాలో వచ్చే క్రీము రాసి, ఆరబెట్టి, కాలుతున్న ఇస్త్రీ పలకల మధ్య పాయపాయగా లాగాలి. పలక పడ్డప్పుడల్లా జుట్టులోంచి ఆవిరి లేస్తుంది. ఆ ఆవిరికి ఇటువైపున్న నాకే కళ్లు చెమర్చేవి, గొంతులో కారం పడ్డట్టుండేది. కుర్చీలో కూర్చున్న పెళ్లికూతురి ముక్కుకు తడిగుడ్డ కప్పేవారు. ఆ పిల్ల ఒక పూట కూర్చుని వెళ్లిపోతుంది. నందే మాత్రం ఆ పలకల మీదికి ముఖం వంచి పెళ్లిళ్ల కాలమంతా నిలబడింది.

దగ్గు అప్పుడే మొదలైంది. రెండుసార్లు పొడిగా, ఆ తర్వాత ఊపిరి లోపలికి లాగుతుంటే సన్నగా ఈల. చెక్క వెనకనుంచి వాళ్ల మాటలు నాకు వినపడేవి.

"అక్కా, గాలాడ్తలేదు. ఆ అద్దం తీపిచ్చి కిటికీ తెరుద్దామా?"

"తెరిస్తే సాయంత్రానికి తువ్వాళ్లన్నీ ఎర్రబడిపోతాయి కదే. కాసేపు తలుపు దగ్గర నిలబడిరా."

"తలుపుకాడ నిలబడితే దుమ్ము అంటవు."

"దుమ్మే మరి. నీ దగ్గు దానివల్లే."

ఎండాకాలం చివరికి నందే మెట్లెక్కలేకపోయింది. రాజ్యశ్రీ తానే వెంటబెట్టుకుని జగదల్‌పూర్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించింది. ఆయన బాగానే అడిగాడు, ఎక్కడ పనిచేస్తావు, అక్కడ పొగ ఉంటుందా అని. రాజ్యశ్రీయే జవాబిచ్చింది, పొగ ఎక్కడిది సార్, మాకు అంతా కరెంటే, మా ఊళ్లో దుమ్ము మాత్రం చాలా అని. అబద్ధం చెప్పలేదు. ఇస్త్రీ పలకల మధ్య లేచేది పొగ అని మేం ఎవరం అనుకోలేదు. డాక్టరు పీల్చుకునే మందు రాసి, దుమ్ముకు దూరంగా ఉండమన్నాడు. దుమ్ములేని చోటంటే నందేకు తన ఊరే. అడవిగాలికి నెమ్మదిస్తుందని రాజ్యశ్రీ అక్కడికక్కడే కుంట బస్సెక్కించి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, బిస్కెట్లు కొనిచ్చి వచ్చింది.

తోంగ్‌పాల్ దగ్గర దారిలో బస్సు ఆపారు. పక్కసీటు ఆవిడ నందే ఫోన్‌లోంచి రాజ్యశ్రీకి చేసి, పిల్లకు ఊపిరి అందడం లేదని హిందీలో చెప్పింది. మళ్లీ చేసేసరికి నందే లేదు.

కర్మకాండలన్నీ అయ్యాక తల్లి లక్కే బచేలీ వచ్చింది, కూతురి బట్టలు తీసుకుపోదామని. బక్కపలచని మనిషి. ఏడ్చి ఏడ్చి అప్పటికే కళ్లు ఎండిపోయి ఉన్నాయి.

"ఏంది బిడ్డా, ఏమైంది నా పిల్లకు?" అని అడిగింది.

"దుమ్ము, పెద్దమ్మా. ఈ ఊరి దుమ్ము పడలేదు" అంది రాజ్యశ్రీ.

లక్కే తల ఊపింది. మూట కట్టుకున్నాక గుమ్మంలో ఆగి, "చిన్నది రీనా ఇంట్ల ఊకెనే ఉంటంది. వరికోతలైనంక తోల్కొస్త. అక్క పని దానికియ్యి. నువ్వు మంచిగ చూసుకుంటవని నందే ఎప్పుడూ చెప్పేది" అంది. రాజ్యశ్రీ తల ఊపింది. ఆమె తల ఊపితే ఏమవుతుందో ముందే చెప్పాను.

వానలు పడ్డాయి. ఆ రోజుల్లో పెళ్లిళ్లుండవు, ఉన్న నిల్వ క్రీముతో అడపాదడపా ఒకరిద్దరికి చేయడమే. మధ్యాహ్నం అన్నం తిన్నాక రాజ్యశ్రీ తలుపు వేసుకుని, ఫేషియల్ బల్ల మీద కాసేపు నడుం వాల్చేది. ఒకరోజు అలా పడుకుని, ఉలిక్కిపడి లేచి, చెప్పులు కూడా లేకుండా నా దుకాణంలోకి వచ్చింది.

"అక్కా, ఇప్పుడు నువ్వు దగ్గావా?"

"నేను దగ్గలేదు" అన్నాను.

"విన్నావా మరి?"

విన్నాను. రెండుసార్లు పొడిగా, ఆ తర్వాత ఈల. నేను నోట్లోంచి సూదులు తీసి డబ్బాలో వేశాను, ఒకటి కింద పడింది. విన్నానని చెప్పాను. ఇద్దరం ఆ ప్లైవుడ్ చెక్కను చూస్తూ నిలబడ్డాం.

ఆ తర్వాత అది తరచుగా వచ్చేది. ఎప్పుడూ మధ్యాహ్నమే, ఎప్పుడూ రాజ్యశ్రీకి కునుకు పట్టాకే. ఆమె కళ్లు తెరిచేసరికి గదిలో ఎవరూ ఉండరు, నందే నిలబడే రెండో కుర్చీ మాత్రం అద్దంలో కనపడుతుంది. ఛాతీ మీద ఎవరో కూర్చుని లేచిపోయినట్టుంటుందనేది. పొద్దున తాళం తీయగానే కళ్లు మండి నీళ్లు కారుతున్నాయనీ, తాను వచ్చేదాకా అది లోపల కూర్చుని ఏడుస్తోందనీ అనేది. ఇంట్లో పడుకుంటే ఏమీ లేదు. బుధవారం దుకాణానికి సెలవు, ఆ రోజు హాయిగా ఉండేది. అంటే నందే దుకాణం దాటి రావడం లేదన్నమాట. నాకు దయ్యాల గురించి అంతవరకు ఒక అభిప్రాయం ఉండేది కాదు, తీరిక లేక. ఇప్పుడు మాత్రం మధ్యాహ్నం అయ్యేసరికి మిషను ఆపి చెవి చెక్కకు ఆనించేదాన్ని.

వరహాలమ్మకు ఈ విషయంలో సందేహమే లేదు. వచ్చి, గది మధ్యలో నిలబడి, ముక్కు ఎగబీల్చి తేల్చేసింది.

"ఆ గుంట ఇక్కడే ఉందే రాజీ. ఆశలు తీరకుండా పోనాది, ఎక్కడికెల్తాది? ఇప్పుడు దాని సెల్లిని తెస్తానంటన్నావు. అక్క తిరిగే గదిలోకి సెల్లిని తెస్తే అది ఊరుకుంటాదా? కూడా తీసుకుపోతాది."

"మాటిచ్చానమ్మా."

"అయితే ముందు అది రాకుండా గదికి కట్టు కట్టించు. అది వొచ్చే దారేటో సూడు. ఎక్కడా సందు నేకుండా మూసెయ్యి."

రాజ్యశ్రీకి తన భయం కంటే రీనా భయం ఎక్కువైంది. మిగిలిన ఆ ఒక్క వెంటిలేటరుకూ అట్టముక్క పెట్టి మేకులు కొట్టించింది. గుమ్మానికి నిమ్మకాయలు కట్టింది. పొద్దునా సాయంత్రం తలుపులు బిడాయించి సాంబ్రాణి వేసింది. ఆ పొగ నా చెక్క సందుల్లోంచి కూడా వచ్చేది. అంత చేసినా నందే వెళ్లలేదు సరికదా, ఇంకా దగ్గరికి వచ్చింది. మధ్యలో కిరండూల్ నుంచి ఒక పిల్ల పనికి చేరి, వారం తిరక్కుండానే, "దీదీ, ఇక్కడ ఎవరో నా గొంతు పట్టుకుంటున్నారు" అని ఏడ్చి వెళ్లిపోయింది. దాంతో ఊరంతా పొక్కింది.

దీపావళి వెళ్లి పెళ్లిళ్లు మళ్లీ మొదలయ్యాయి. సహాయానికి ఎవరూ రారు, పలకలు పట్టుకునేది రాజ్యశ్రీ ఒక్కతే. దయ్యం ఉందని తెలిసినా పెళ్లికూతుళ్లు మానలేదు. జుట్టు నిటారుగా కావాలంటే దయ్యం పక్కన కూర్చోవడానికి కూడా ఆడపిల్లలు సిద్ధమేనని నాకు అప్పుడే తెలిసింది.

ఒక మధ్యాహ్నం చెక్క వెనకనుంచి మాటలు వినపడ్డాయి. లోపల ఎవరో ఉన్నారనుకున్నాను. ఎవరూ లేరు. రాజ్యశ్రీ ఖాళీ కుర్చీతో మాట్లాడుతోంది.

"నీకేం తక్కువ చేశానే? చెయ్యి కాలితే నేను మందు రాయలేదా? నీ కంచం, నా కంచం వేరుగా పెట్టానా? ఏం కావాలో అడుగు, ఇస్తాను. చెల్లి జోలికి మాత్రం రాకు. దాన్ని వదిలెయ్యి."

కొంచెం ఆగి, ఎవరో జవాబు చెప్పారన్నట్టు, "అలాగే, నన్ను తీసుకుపో. దాన్ని వదిలెయ్" అంది.

నాకు కోపం వచ్చింది. దేనిమీదని అడిగితే చెప్పలేను, నందే మీద కూడా కావచ్చు. బతికున్నప్పుడు ఎవరినీ ఒక్క మాట అనని పిల్ల, చచ్చాక ఈమెను ఇలా పీక్కుతినడం ఏమిటనిపించింది. మర్నాడు అన్నం వేళ కాగానే దుకాణం మూసి, కుట్టాల్సిన హుక్కులు పట్టుకుని అటువైపు వెళ్లాను. "నువ్వు పడుకో, నేను మేలుకుని కూర్చుంటాను. వస్తే నేను చూస్తాను" అన్నాను. రాజ్యశ్రీ వాదించే ఓపిక కూడా లేక బల్లమీద వాలింది.

ఆ గదిలో అంతసేపు ఊరికే కూర్చోవడం నాకు అదే మొదటిసారి. ఏసీ చల్లగానే ఉంది, కానీ ఆ చల్లదనంలో గాలి లేదు. పొద్దున్నే ఒక పెళ్లికూతురికి చేసి పంపింది, ఆ ఘాటు ఇంకా గదిలో నిలబడే ఉంది. నా ముక్కు మండింది, గొంతు గరగరలాడింది. రెండో కుర్చీ మీద కళ్లు ఆనించి హుక్కులు కుడుతున్నాను. కుర్చీ కదల్లేదు. అద్దంలో నేనూ, బల్లమీద రాజ్యశ్రీ, ఇంకెవరూ లేరు. అయినా నా సూది సాగడం లేదు.

దగ్గు వచ్చింది. రెండుసార్లు పొడిగా.

నేను కుర్చీ వైపు చూడలేదు, ఎందుకంటే అది కుర్చీ వైపునుంచి రాలేదు. నిద్రలోనే రాజ్యశ్రీ ఛాతీ ఎగిరిపడింది. నోరు తెరుచుకుని ఊపిరి లోపలికి లాగింది, ఆ లాగడంలో ఈల వినపడింది. ఆ ఈలకే ఆమెకు మెలకువ వచ్చింది. లేచి కూర్చుని, నావైపు కాకుండా కుర్చీవైపే చూసింది.

"విన్నావా అక్కా? వచ్చింది కదా. చూశావా?"

చెప్పకుండా లేచి వెళ్లిపోదామా అని ఒక్క క్షణం అనిపించింది.

"చూశాను. నువ్వే దగ్గావు" అన్నాను.

"నేను నిద్రపోతున్నాను కదా."

"నిద్రలోనే దగ్గావు. అచ్చం నందే దగ్గినట్టే దగ్గావు రాజీ."

ఆమె నా ముఖంలోకి చూసింది. నేను హాస్యమాడుతున్నానేమో అని వెతికింది. ఆ తర్వాత తన ఛాతీ మీద చెయ్యి వేసుకుని మెల్లగా ఊపిరి పీల్చింది, లోపల ఎవరున్నారో వినడానికి ప్రయత్నిస్తున్నట్టు. ఈల ఇంకా సన్నగా వినపడుతూనే ఉంది.

నేనే ఆమెను రైలెక్కించి విశాఖపట్నం తీసుకెళ్లాను. ఊపిరితిత్తుల డాక్టరమ్మ గొట్టంలోకి ఊదించింది, ఛాతీకి స్టెతస్కోపు పెట్టి వింది, సెలవురోజు ఎలా ఉంటుందని అడిగింది. బాగుంటుందని చెప్పగానే పెన్ను కింద పెట్టి, గది గురించి అడగడం మొదలుపెట్టింది. ఈసారి రాజ్యశ్రీ పొగ లేదని అనలేదు. క్రీము గురించి, పలకల గురించి, అద్దం వెనక మూసిన కిటికీ గురించి అంతా చెప్పింది. ఆవిడ కోప్పడలేదు. "చాలా క్రీముల్లో ఫార్మలిన్ రకం మందు ఉంటుందమ్మా. కాలేజీల్లో చచ్చిన కప్పలు పాడవకుండా సీసాల్లో పోసేది అదే. వేడి తగిలితే గాలిలోకి లేస్తుంది. నువ్వు మూసిన గదిలో దాన్నే పీలుస్తున్నావు. ఇంక ఆ పని మానెయ్యాలి, ఆ గదికి గాలి రావాలి. ఆలస్యం చేస్తే మందులు కూడా పనిచెయ్యవు" అంది.

తిరుగు ప్రయాణంలో రైలు అరకు దాటింది. సొరంగాల్లో చీకటి పడినప్పుడల్లా రాజ్యశ్రీ ఊపిరి నాకు వినపడేది. ఒక సొరంగం దాటాక, "దయ్యమే అయితే బాగుండేది అక్కా" అంది. "అది నన్ను చూడ్డానికి వస్తోందనుకున్నాను. అది రాలేదు. దాన్ని నేనే చంపాను."

కాదని చెప్పాలనుకున్నాను. మనకు తెలియదు కదా అని కూడా అన్నాను. ఆమె వినలేదు, నాకు కూడా ఆ మాట చాలీచాలనట్టే అనిపించింది.

వచ్చిన మర్నాడే వడ్రంగిని పిలిపించి అద్దం విప్పించింది. చెక్క ఊడి వచ్చేసరికి కిటికీలోంచి ఎండా, లారీల మోతా, దుమ్మూ ఒక్కసారిగా లోపలికి పడ్డాయి. వెంటిలేటరు అట్ట పీకి, అక్కడ గాలిని బయటికి తోసే ఫ్యాను పెట్టించింది. నిటారు జుట్టు చెయ్యనని బోర్డు మీదినుంచి ఆ మాటే చెరిపించింది. పెళ్లికూతుళ్లు దంతెవాడ దారి పట్టారు. సొరుగులోని తొడుగులు బయటికి వచ్చాయి. అదే మేడమ్ మళ్లీ ముఖం చిట్లిస్తే రాజ్యశ్రీ ఆవిడ మెడచుట్టూ ఎర్రబడ్డ తువ్వాలు బిగిస్తూ, "ఇవి మీకోసం కాదు మేడమ్, నా చేతుల కోసం. వద్దంటే లేవండి" అంది. చెక్క ఇవతల నేను సూదులు మింగబోయాను.

వరహాలమ్మ మాత్రం, కిటికీ తెరిస్తే నందే మళ్లీ వస్తుందని గొడవ చేసింది. రానీ అమ్మా అంది రాజ్యశ్రీ. మధ్యాహ్నాలు ఆమె ఇప్పుడు పడుకోదు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని వింటూ ఉంటుంది. ఏమీ వినపడదు. వినపడకపోవడం ఆమెకు ఇంకా కష్టంగా ఉందని నాకు తెలుసు.

వరికోతలయ్యాయి. చెప్పిన మాట ప్రకారం లక్కే వచ్చింది, వెంట రీనా. అక్క పోలికే, అక్క కంటే కొంచెం పొడుగు. కొత్త చెప్పులేసుకుని, సంచి ఒళ్లో పెట్టుకుని, సరిగ్గా రెండో కుర్చీలోనే కూర్చుంది. నేను టీ తెచ్చే వంకతో అక్కడే ఉండిపోయాను. రాజ్యశ్రీ కింద లక్కే ఎదురుగా కూర్చుని అంతా చెప్పేసింది. డబ్బా సంగతి, కిటికీ సంగతి, తన దగ్గు, డాక్టరమ్మ అన్న మాట, అన్నీ. ఏడవలేదు. ఏడిస్తే లక్కే ఓదార్చాల్సి వస్తుందని కాబోలు.



"అయితే దుమ్ము కాదా బిడ్డా?"

"కాదు."

"దానికి ఊపిరాడ్తలేదని నీకు చెప్పిందా?"

"చెప్పింది పెద్దమ్మా. కిటికీ తెరవమని అడిగింది."

"నువ్వేమన్నవు?"

"తువ్వాళ్లు ఎర్రబడతాయన్నాను" అంది రాజ్యశ్రీ. "ఇప్పుడు ఆ పని మానేశాను. రీనాను ఉంచుతావో తీసుకుపోతావో నీ ఇష్టం. నేనైతే అడగను."

లక్కే గదంతా చూసింది, కిటికీ చూసింది. కొడుతుందేమో, శాపనార్థాలు పెడుతుందేమో అని నేను భయపడ్డాను. ఆమె అడిగింది వేరే.

"ఆ మందు ఉన్నదా?"

ఒక డబ్బా మిగిలింది. కాలవలో పారబోస్తే గొడ్లు తాగే నీళ్లలో కలుస్తుందని, ఏం చెయ్యాలో తెలియక రాజ్యశ్రీ వెనక మూటకట్టి ఉంచింది. దాన్ని వరండాలోకి తెచ్చి మూత తీసింది. లక్కే వంగి వాసన చూసింది. వెంటనే కళ్లలోంచి నీళ్లు కారాయి, మందు ఘాటుకే అనుకున్నాను.

"ఇదా" అంది లక్కే. "పండక్కొస్తే నా ఒళ్ల తల పెట్టి పడుకునేది. దాని జుట్టుల ఇదే వాసన. టౌన్ వాసన అనుకున్న. ఎంత మంచిగున్నదో అనుకుంట, నిద్రపొయ్యేదాక దాని తల వాసన చూసుకుంట కూసునేదాన్ని."

రాజ్యశ్రీ మూత పెట్టబోయింది. లక్కే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఉండు. ఇంకొక్కపాలి."

"వద్దు పెద్దమ్మా."

"నా బిడ్డ వాసన అది."

"తెలుసు. వద్దు" అంది రాజ్యశ్రీ. ఆ ముసలి వేళ్లను ఒక్కొక్కటిగా విడిపించి, మూత బిగించి, డబ్బాను దూరంగా పెట్టేసింది.

అప్పుడు లక్కే ఏడ్చింది. రీనాను దగ్గరికి లాక్కుని ఆ పిల్ల జుట్టులో ముఖం పెట్టుకుని ఏడ్చింది. ఆ జుట్టులో ఇప్పనూనె, ప్రయాణం చెమట తప్ప ఇంకే వాసనా లేదు. సాయంత్రం బస్సుకే ఇద్దరూ వెళ్లిపోయారు, రాజ్యశ్రీ ఆపలేదు.